గాలిని కుదించలేం: ఫోమ్ హరికేన్ వెనుక ఉన్న లెక్క

సంక్రాంతి సెలవుల్లో ఒక పొద్దున తెనాలి రోడ్డు పక్కన, వరి కోత అయిన మాగాణి గట్టు మీద రెండు విమానాలు పక్కపక్కన పెట్టాం. రెండూ హరికేన్లే, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానానికి రిమోటుతో ఎగిరే నమూనాలు. రెండూ నిజం విమానంలో పన్నెండో వంతు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు మీటరు. మోటారు ఒకటే రకం, బ్యాటరీ ఒకటే రకం. ఒకటి నేను గుంటూరులో మా డాబా మీద కట్టింది. రెండోది ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడిది. చూడ్డానికి అతనిదే బాగుంది. అంచులు తీరుగా ఉన్నాయి, రంగు నున్నగా పడింది, ఎక్కడా అతుకు కనపడదు.

నాది ఎగిరింది. అతనిది చేతిలోంచి వదిలాక పది అడుగులు కూడా పోకుండా ముక్కు నేలకు కొట్టుకుంది. కుర్రాడు దాన్ని ఎత్తి దుమ్ము దులుపుకుంటూ, "ఇంకా పెద్ద మోటారు వేయాల్సిందా అంకుల్?" అని అడిగాడు.

తిరిగి వస్తూ దారిలో ఒక కిరాణా కొట్టు దగ్గర ఆగి రెంటినీ కాటా మీద పెట్టాం. నాది 690 గ్రాములు. అతనిది 1,640. ఫోమ్ అనుకుని అతను కొన్నది సన్‌బోర్డు, అంటే షాపుల బోర్డులు చేసే పీవీసీ రేకు. తెల్లగా, నున్నగా ఉంటుంది, బ్లేడుతో కోస్తే తెగుతుంది కాబట్టి ఫోమ్ లాగే అనిపిస్తుంది. కానీ మోడల్ విమానాలకు వాడే డెప్రాన్ అనే తేలికపాటి ఫోమ్ షీట్‌తో పోలిస్తే, అంతే మందానికి పది రెట్లకు పైనే బరువు. మోటారు గురించి అతను అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాటా మీదే ఉంది. అయితే ఎందుకలా అన్నది వివరంగా చెప్పుకోవాల్సిన సంగతి. ఫోమ్ విమానం కట్టడంలో మిగతా ప్రతి నిర్ణయమూ ఆ ఒక్క చోటు నుంచే వస్తుంది.

ఒకే విమానానికి మూడు బరువులు

హరికేన్ మార్క్ 2సీ రకం కొలతలు తీసుకుందాం. రెక్కల పొడవు 40 అడుగులు, అంటే 12.19 మీటర్లు. రెక్క వైశాల్యం 23.92 చదరపు మీటర్లు. పెట్రోలు, ఫిరంగులు, పైలట్‌తో కలిపి బరువు సుమారు 3,480 కిలోలు.

దీన్ని పన్నెండో వంతుకు దించుదాం. పొడవును 12తో భాగిస్తే 1,016 మిల్లీమీటర్లు. వైశాల్యంలో పొడవూ వెడల్పూ రెండూ తగ్గుతాయి కాబట్టి 144తో భాగించాలి, 0.166 చదరపు మీటర్లు వస్తుంది. బరువు దగ్గర పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి. అందుకని 1,728తో భాగించాలి. వచ్చేది 2,014 గ్రాములు. ఇది కొలబద్ద చెప్పే బరువు.

ఇప్పుడు ఆ బరువుతో విమానం ఎగరాలంటే ఎంత వేగం కావాలో చూద్దాం. రెక్క ఇచ్చే ఎత్తుడు బలం నాలుగింటి మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, రెక్క వైశాల్యం, వేగానికి వర్గం, రెక్క గాలిని పట్టుకునే వాలు. వేగం రెట్టింపు అయితే ఎత్తుడు నాలుగింతలు అవుతుంది. ఆ వాలుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే రెక్క మీది గాలి విడిపోయి ఎత్తుడు ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. మన మోడల్ రెక్కకు స్టాల్ ముందు దొరికే గరిష్ట ఎత్తుడు గుణకం (రెక్క ఎంత బాగా ఎత్తగలదో చెప్పే అంకె) 1 అనుకుంటే, 2,014 గ్రాముల విమానం గంటకు 50 కిలోమీటర్ల కంటే తగ్గిన వేగంలో గాల్లో నిలవదు. కుర్రాడి 1,640 గ్రాముల విమానానికి ఆ హద్దు సుమారు 46. నా 690 గ్రాముల దానికి 30.

చేత్తో విసిరే విమానం గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ఆ వేగానికి నా విమానం దాదాపు ఎగిరే స్థితికి వచ్చేస్తుంది. మిగతా కాస్త మోటారు చూసుకుంటుంది. కుర్రాడి విమానం ఇంకో పదిహేను, ఇరవై కిలోమీటర్లు అందుకోవాలి. అది అందుకునేలోపు నేల వచ్చేసింది.

ఇంకో లెక్క ఉంది. నాకు ఇదంటేనే ఎక్కువ ఇష్టం. హరికేన్ గరిష్ట వేగం గంటకు 547 కిలోమీటర్లు. పన్నెండో వంతు విమానం కంటికి నిజం దానిలా కనపడాలంటే వేగం కూడా పన్నెండో వంతు ఉండాలి, అంటే దాదాపు 46. కానీ 2,014 గ్రాముల విమానం 50కి లోపల అసలు ఎగరనే ఎగరదు. నిజం హరికేన్ పూర్తి వేగంతో పోతున్నప్పుడు ఎలా కనిపిస్తుందో, దాని పన్నెండో వంతు బొమ్మ అంత నిదానంగా పోతే కింద పడిపోతుంది! దిగే వేగం నుంచి పూర్తి వేగం దాకా అన్నీ కంటికి సరిపడేలా ఉండాలంటే బరువు 168 గ్రాములే ఉండాలి. మోటారు, బ్యాటరీ, రెక్క, తోక పలకలను కదిపే సర్వోలనే చిన్న మోటార్లు కలిపితేనే అంతకు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

కొలబద్ద 2,014 అంటోంది, కన్ను 168 అడుగుతోంది. మనం విమానాన్ని పన్నెండో వంతు చేశాం కానీ దాని చుట్టూ ఉన్న గాలిని చేయలేదు. గాలి సాంద్రతా మారదు, జిగటా మారదు. ఈ రెండు అంకెల మధ్య ఎంత కిందికి దిగగలిగితే విమానం అంత బాగా ఎగురుతుంది. ఆ దిగడానికి మనకు దొరికిన సాధనమే ఫోమ్.

హరికేనే ఎందుకు

చాలామంది అదే కాలపు మరో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌తో మొదలుపెడతారు. అందమైన విమానం, కాదనను. కానీ దాని దీర్ఘవృత్తాకారపు రెక్కలో ప్రతి అంగుళమూ వంపే. పైగా కొసలకు వచ్చేసరికి రెక్క బాగా సన్నబడుతుంది. కొసలు ముందుగా స్టాల్ అయితే విమానం ఒక పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతూ పడుతుంది. నిజం స్పిట్‌ఫైర్‌లో ఈ ఇబ్బంది రాకుండా రెక్కను మొదలు నుంచి కొస దాకా రెండున్నర డిగ్రీలు మెలితిప్పారు. కొసల వాలు తక్కువ ఉండటంతో మొదలు ముందుగా స్టాల్ అయి పైలట్‌కు హెచ్చరిక అందేది. ఈ మెలికను వాషౌట్ అంటారు. ఫోమ్‌తో అంత సన్నని రెక్కలో ఈ మెలికను రెండు పక్కలా ఒకేలా తేవడం కష్టం.

సిడ్నీ కామ్ రూపొందించిన హరికేన్ 1935 నవంబరు 6న మొదటిసారి ఎగిరింది. రెక్క అంచులు దాదాపు తిన్నగా ఉంటాయి, కొసలు వెడల్పు. వెనుక భాగం ఉక్కు గొట్టాల చట్రం. దాని మీద చెక్క బద్దలు, వాటి మీద గుడ్డ. తూటా తగిలితే చిల్లు పడేది, అతుకు వేసి మళ్ళీ పంపేవాళ్ళు. ఆ మరమ్మతు గుణం ఫోమ్ బొమ్మకూ వస్తుంది.

మనకు ఇంకో సంబంధం కూడా ఉంది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేస్తే ఎదుర్కొన్నవాటిలో హరికేన్లు ఉన్నాయి. ఆ మర్నాడే విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. తర్వాత 1944లో ఇంఫాల్ యుద్ధంలో అర్జన్ సింగ్ నాయకత్వంలో మన వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ హరికేన్లే నడిపింది. 1965 యుద్ధంలో వాయుసేనాధిపతిగా ఉన్న అర్జన్ సింగే ఆయన. బర్మా వైపు ఎగిరిన విమానాల మీద గుండ్రటి గుర్తులో ఎరుపు తీసేశారు, జపాన్ వాళ్ళ ఎర్ర సూర్యుడితో పొరపాటు పడకుండా. మన వాయుసేన హరికేన్ అని రాసి మధ్యలో ఎర్ర చుక్క పెట్టిన బొమ్మలు చూస్తుంటాను. ఆ చుక్క ఎందుకు పోయిందో తెలిస్తే వాళ్ళూ పెట్టరు.

ఏ ఫోమ్, ఏ జిగురు

థర్మాకోల్ అందరికీ తెలుసు. పూసలు పూసలుగా ఉంటుంది, విరిస్తే పూసలు రాలతాయి. చాలా తేలిక, చవక, మన ఊళ్ళలో ఎక్కడైనా దొరుకుతుంది. కానీ సన్నని షీటుగా కోస్తే నిలవదు. దిమ్మ నుంచి నిండు రెక్క కోయడానికి బాగా పనికొస్తుంది. పెళ్ళి మండపాల డెకరేషన్ వాళ్ళు థర్మాకోల్ అక్షరాలు కోసే వేడి తీగ పద్ధతి చూశారా? విల్లులా బిగించిన నిక్రోమ్ తీగకు కరెంటు ఇచ్చి, దిమ్మకు రెండు చివర్లా రెక్క ఆకారపు అట్టలు అంటించి, తీగను వాటి మీదుగా లాగితే నిండు రెక్క వచ్చేస్తుంది. నా మొదటి నిండు రెక్క అలాంటి డెకరేషన్ షాపులోనే కోయించుకున్నాను. ఆ అబ్బాయి చేతికి ఉన్న నిదానం నాకు ఇప్పటికీ రాలేదు.

డెప్రాన్ అన్నది కూడా పాలీస్టైరీనే, కాకపోతే పూసలుగా కాకుండా ఒకే ముద్దగా సాగదీసిన షీటు. 3 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల మందాల్లో మోడల్ విమానాల సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఆరు మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు రెండు వందల గ్రాములు దాటి కాస్త. మీటరు హరికేన్‌కు ముప్పాతిక చదరపు మీటరు లోపే పడుతుంది. అంటే విమానం ఒళ్ళంతా కలిపి నూట యాభై గ్రాములు! పెట్టెలో వచ్చే రెడీమేడ్ విమానాలు ఈపీవో అనే అచ్చు ఫోమ్‌తో చేసినవి. అవి గట్టివి, వాటి దారి వేరు.

జిగురు దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. చిన్న ట్యూబుల్లో దొరికే మామూలు ఇన్‌స్టంట్ గ్లూ పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. చెప్పులకు, తోలుకు వాడే పసుపు రంగు జిగురు కూడా అంతే. స్ప్రే డబ్బాల్లోని పెయింటు ఇంకా మోసం. కొట్టిన అర నిమిషం బాగానే ఉంటుంది, తర్వాత రెక్క మీద గుంటలు పడటం మొదలవుతుంది. వారం రోజులు కష్టపడి కట్టిన తోక భాగం నా కళ్ళ ముందే అలా ముడుచుకుపోతుంటే చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడు ఏ జిగురైనా, ఏ రంగైనా ముందు చెత్త ముక్క మీద వేసి గంట ఆగుతాను. తెల్ల ఫెవికాల్ బాగా పట్టుకుంటుంది కానీ గాలి తగలని చోట ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. త్వరగా కావాలంటే తక్కువ వేడి గ్లూ గన్. మోటారు బిగించే చోట మాత్రం రెండు ట్యూబుల ఎపాక్సీ. రంగులు నీళ్ళతో కలిపే ఆక్రిలిక్కే.

జిగురు బరువు మర్చిపోవద్దు. గ్లూ గన్‌తో ధారాళంగా పోస్తే వంద గ్రాములు తేలిగ్గా చేరతాయి. అది డెప్రాన్ షీట్లు తేలిగ్గా ఉన్నందుకు మిగిలినదంతా తినేస్తుంది.

రెక్కలో బలం ఎక్కడుంటుంది

విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు రెక్క మోసే భారం దాని బరువుకు మూడు, నాలుగు రెట్లు అవుతుంది. 690 గ్రాముల విమానం నాలుగు రెట్లకు 2,760 గ్రాములు. ఒక్కో రెక్క కిలోకు పైగా మోస్తూ పైకి వంగుతుంది. వంగినప్పుడు రెక్క పై చర్మం నొక్కుకుంటుంది, కింది చర్మం సాగుతుంది. ఫోమ్ నొక్కుడుకు కొంత ఓర్చుకుంటుంది, సాగదీస్తే పుటుక్కున తెగుతుంది. అందుకని రెక్క కింద, ఈ కొస నుంచి ఆ కొసకు గాజు పోగుల టేపు ఒక్క వరస అంటిస్తే చాలు. రెండు గ్రాములతో రెక్క బలం ఎంతో పెరుగుతుంది. పైన ఎంత టేపు వేసినా ఆ లాభం రాదు. లోపల నిలువుగా ఒక ఫోమ్ దూలం, దాని పైనా కిందా సన్నని వెదురు బద్ద లేదా కార్బన్ పుల్ల.

రెక్క మందం సంగతి కొంచెం చిక్కు. నిజం హరికేన్ రెక్క మొదలు దగ్గర, అంటే ఒంటికి అతికే చోట, మందం వెడల్పులో 19 శాతం దాకా ఉంటుంది. అదే కొలతలో మనం కడితే ఆ చోట దాదాపు 39 మిల్లీమీటర్లు వస్తుంది. చూపుకు బాగుంటుంది, ఎగరడానికి బాగుండదు. ఎందుకంటే గాలి జిగటగా ఉండే స్వభావం చిన్న రెక్కల మీద, తక్కువ వేగాల్లో ఎక్కువ పెత్తనం చేస్తుంది. రేనాల్డ్స్ సంఖ్య అనే కొలత దీన్ని చెబుతుంది: వేగాన్ని రెక్క వెడల్పుతో, గాలి సాంద్రతతో గుణించి గాలి జిగటతో భాగించాలి. నిజం హరికేన్‌కు అది కోటిన్నర దగ్గర ఉంటుంది; నా దానికి లక్షా ముప్ఫై వేలు. వంద రెట్లకు పైగా తేడా. ఆ తక్కువ సంఖ్య దగ్గర గాలి, లావు రెక్క వంపును అంటిపెట్టుకుని పోలేక మధ్యలోనే విడిపోతుంది. అందుకని మందం 12 శాతానికి తగ్గిస్తాను, పాతిక మిల్లీమీటర్లు. దూరం నుంచి ఎవరూ పోల్చుకోలేరు, విమానానికి మాత్రం తెలుస్తుంది.

ఇంకా తేలిక మార్గం కూడా ఉంది. రిచర్డ్ క్లైన్, ఫ్లాయిడ్ ఫోగల్‌మన్ అనే ఇద్దరు కాగితం విమానాలతో మొదలుపెట్టి కనిపెట్టిన మెట్టు రెక్క. పేటెంటు 1972లో వచ్చింది. బల్లపరుపు షీటు మీద ముందు సగానికి ఇంకో షీటు అంటిస్తే వెనకాల ఒక మెట్టు ఏర్పడుతుంది. పెద్ద విమానాల్లో దీని వల్ల ప్రయోజనం కనపడలేదు కానీ ఫోమ్ మోడళ్ళకు చక్కగా నప్పింది. మొదటిసారి కట్టేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

రెక్క కొసల వెనక అంచును మూడు మిల్లీమీటర్లు పైకి ఎత్తి అతికించండి. స్పిట్‌ఫైర్‌లో చేసిన మెలిక లాంటిదే ఇదీ. హరికేన్ ఆకారానికి తప్పనిసరి కాదు, అయినా దిగేటప్పుడు ప్రాణం కాపాడుతుంది.

గాలిపటానికి సూత్రం లాంటిది

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ప్రతివాళ్ళకూ సూత్రం కట్టడం తెలుసు. దారం ముడి ఒక వేలెడు పైకో కిందికో జరిగితే ఎంత మంచి గాలిపటమైనా తలకిందులవుతుంది. విమానంలో ఆ ముడి స్థానం గరిమనాభిది. బరువంతా ఏ ఒక్క చోట ఆనినట్టు ఉంటుందో అదే గరిమనాభి. ముక్కు బరువైతే విమానం మొద్దుగా పోతుంది, దిగేటప్పుడు తల ఎత్తదు. తోక బరువైతే ముట్టుకుంటే చాలు ఎగిరిపడుతుంది. ముక్కు బరువు విమానాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. తోక బరువు విమానం ఒక్కసారే ఎగురుతుంది.

నా హరికేన్ సగటు రెక్క వెడల్పు 163 మిల్లీమీటర్లు. గరిమనాభి అందులో పాతిక నుంచి ముప్ఫై శాతం మధ్య ఉండాలి. నేను 27 శాతం దగ్గర పెడతాను, అంటే సగటు రెక్క ముందంచు నుంచి 44 మిల్లీమీటర్లు. రెక్క కింద రెండు పక్కలా చూపుడు వేళ్ళు అక్కడ పెట్టి ఎత్తితే ముక్కు ఒక పిసరు కిందికి వాలి నిలబడాలి.

హరికేన్, స్పిట్‌ఫైర్ రెంటికీ ముక్కు పొట్టి. నిజం విమానంలో ఆ పొట్టి ముక్కులో సుమారు 650 కిలోల మెర్లిన్ ఇంజను కూర్చుంది, మొత్తం బరువులో దాదాపు అయిదో వంతు. మన మోటారు 55 గ్రాములు, మోడల్ మొత్తం బరువులో పన్నెండో వంతు కూడా కాదు. అందుకే ఈ రకం మోడళ్ళు కట్టగానే తోక బరువవుతాయి. గరిమనాభి నుంచి తోక దూరం ముక్కు దూరానికి సుమారు మూడు రెట్లు. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు వేయాలి. తోక భాగాలకు మూడు మిల్లీమీటర్ల షీటే వాడటం, అక్కడ రంగు పలచగా వేయడం, సర్వోలను తోకలో కాకుండా రెక్క దగ్గర పెట్టి సన్నని ఉక్కు తీగలతో లాగడం అన్నీ దీనికోసమే. ఆ తీగకు సైకిల్ చువ్వ సరిపోతుందని కొందరు వాడతారు. నిటారుగా ఉంటుంది, దొరుకుతుంది, కానీ రెండు చువ్వలు తోక దాకా పోతే బరువు. సన్నని తీగ, వెదురు పుల్లకు కట్టి వాడటం మేలు.

180 గ్రాముల బ్యాటరీయే మన చేతిలో ఉన్న తూకం రాయి. దాన్ని మోటారు వెనక గోడ దాకా జరిపేలా చోటు ముందే వదిలిపెట్టాలి. కట్టడం అయ్యాక చోటు వెతుక్కుంటే సీసం ముక్కలు పెట్టుకోవాల్సి వస్తుంది. దించిన బరువంతా మళ్ళీ ఎక్కించినట్టే.

మోటారు ప్రశ్నకు జవాబు

ఇలాంటి విమానానికి కిలోకు 200 నుంచి 220 వాట్లు చాలు. నా దానికి 150 వాట్లు. మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులు, పూర్తి వేగంలో పద్నాలుగు ఆంపియర్లు లాగుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో డ్రోన్ ప్రాజెక్టులన్నిటిలో కనపడే 2212 సైజు, వెయ్యి కేవీ (వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు) మోటారు దీనికి చక్కగా సరిపోతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే ముప్ఫై ఆంపియర్ల ఈఎస్‌సీ, తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు, 2.4 గిగాహెర్ట్‌జ్ రిమోటు. 2,200 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో ఎనభై శాతమే వాడి దించాలి. నేను టైమరు ఎనిమిది నిమిషాలకు పెడతాను.

కుర్రాడి 1,640 గ్రాములకు పెద్ద మోటారు పెడితే ఏమవుతుంది? పెద్ద మోటారు ఎక్కువ కరెంటు అడుగుతుంది, దానికి పెద్ద బ్యాటరీ కావాలి, రెండూ కలిసి ఇంకో మూడు వందల గ్రాములు. స్టాల్ వేగం 50 అవుతుంది. ఎక్కడం అయితే ఎక్కుతుంది, బలం ఉంది కాబట్టి. దిగడం ఎలా? గంటకు 50 కిలోమీటర్ల పైన నేలను తాకే రెండు కిలోల వస్తువు అది. ఎదురుగా మనిషి ఉంటే ఊహించండి. బరువును బలంతో గెలవాలని చూడటం నాకు అందుకే నచ్చదు.

ఇంకో సంగతి. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే విమానం ఒళ్ళు ఎదురు వైపు తిరగాలని చూస్తుంది. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది కాబట్టి విసరగానే విమానం ఎడమకు ఒరుగుతుంది. మోటారును రెండు, మూడు డిగ్రీలు కుడికి వంచి బిగించడం ఇందుకే. పెద్ద మోటారుతో ఈ ఒరుగుడు ఇంకా ఎక్కువ.

బ్యాటరీ గురించి ఖచ్చితంగా ఉండాలి. సెల్‌కు 4.2 వోల్టులు దాటి ఎక్కించొద్దు, 3.5 కిందికి దించొద్దు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినది ఇక వాడకూడదు. చార్జింగు సిమెంటు నేల మీద, మనం పక్కన ఉన్నప్పుడే. రాత్రి పెట్టి పడుకోవడం ఎంత మాత్రం వద్దు.

మన గాలి, మన పొలాలు

ఎండాకాలం గాలి పలచబడి విమానం ఎగరదేమో అని అడుగుతుంటారు. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు పోతే గాలి సాంద్రత ఆరు శాతం తగ్గుతుంది, స్టాల్ వేగం మూడు శాతం పెరుగుతుంది. 30 కాస్తా 31. ఇది సమస్యే కాదు. గుంటూరు ఎండలో అసలు ఇబ్బంది వేరు. తొమ్మిది దాటితే నల్లరేగడి కాగి, వేడి గాలి బుడగలు బుడగలుగా లేస్తుంది; ఏడు వందల గ్రాముల విమానాన్ని అవి బంతిలా ఆడిస్తాయి. మూసిన కారులో డెప్రాన్ రెక్క మెలితిరిగిపోతుంది, బ్యాటరీ పాడవుతుంది. ఏడాదిలో ఏ కాలమైనా తెల్లవారాక మొదటి గంటన్నరే మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు విడిచాక గాలి కదలకుండా ఉండే ఆ పూట కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను.

పొలం చూసుకోవడం కూడా తెలియాలి. పత్తి తీసేసిన చేను ఖాళీగా కనిపిస్తుంది కానీ మోళ్ళు రెక్కను చీల్చేస్తాయి. మిరప చేను దరిదాపులకు పోవద్దు. కూలిన విమానం కోసం ఒక్క మనిషి తొక్కినా రైతుకు నష్టం. వరి కోసిన మాగాణి, మినుము మొలవకముందు, రైతును అడిగి. విజయవాడ వాళ్ళు కృష్ణ ఇసుక తిన్నెలు వాడుకుంటుంటారు, చోటు విశాలం. ఇసుక మాత్రం మోటారు బేరింగుల్లో, సర్వో పళ్ళలో చేరుతుంది. సంక్రాంతి వారంలో మధ్యాహ్నాలు ఎక్కడా వద్దు. తెగిన మాంజా ఒక్క పోగు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే చాలు.

2021 డ్రోన్ నిబంధనలు చదువుకోవాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, కంటికి కనిపించేంత దూరంలోనే. విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఇంకా దగ్గరకు గ్రీన్ జోన్ ఉండదు. గన్నవరం వైపు ఉన్నవాళ్ళు ఏ జోన్ ఎక్కడుందో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా బయల్దేరొద్దు. సచివాలయం, ప్రముఖుల ఇళ్ళు ఉన్న అమరావతి, ఉండవల్లి వైపు ఆలోచనే పెట్టుకోకండి.

ఇంకొకటి కూడా నిజాయతీగా చెప్పాలి. మీ మొదటి విమానం హరికేన్ కాకూడదు. రెక్క పైన ఉండి, కొసలు పైకి లేచిన ట్రైనర్ విమానం చేతులు వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. రెక్క కింద ఉన్న యుద్ధవిమానం మీరు ఎలా ఒరిగిస్తే అలాగే ఉంటుంది. కంప్యూటర్ సిమ్యులేటర్ మీద కొన్ని వారాలు, ట్రైనర్ మీద ఒక చలికాలం గడిచాక దీనికి రండి. అప్పుడు కూడా వంద మీటర్ల దూరంలో ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చల విమానం వస్తోందో పోతోందో తెలియదు. దీనికి చరిత్రలోనే మందు ఉంది. యుద్ధం మొదట్లో బ్రిటిష్ యుద్ధవిమానాలకు కింది వైపు ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు వేసేవారు, నేల మీదున్నవాళ్ళు గుర్తుపట్టడానికి. నేను అదే వేస్తాను. బర్మా హరికేన్‌కు అది నప్పదని తెలుసు. అందుకే ఇది ఎర్ర చుక్క ఉన్న 1939 నాటి రూపం.

ఆ కుర్రాడు ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చాడు. ఈసారి డెప్రాన్. పొలానికి రాకముందే కాటా మీద పెట్టి చూసుకున్నాడట, 712 గ్రాములు. రెక్క మెట్టు రకం, తోక మూడు మిల్లీమీటర్ల షీటు. గాలికి ఎదురుగా, ముప్పావు వేగం మీద నేను విసిరాను, అతను నడిపాడు. ఎడమకు కొంచెం ఒరిగి సర్దుకుంది. ఆరు నిమిషాలు తిప్పాడు. దించేటప్పుడు వేగం బాగా తగ్గించేశాడు కానీ కొసల మెలిక ఉండటంతో ఒరగకుండా ముక్కు వాల్చి, వరి కొయ్యకాళ్ళ మీద పొట్టతో జారి ఆగింది. ఎడమ రెక్క కొస మాత్రం గట్టుకు తగిలి చీలింది.

ఇంటికి పోయి గ్లూ గన్‌తో అతికిస్తానన్నాడు. అతికించాక తూచమన్నాను. అక్కడ నాలుగు గ్రాములు చేరితే, అర మీటరు దూరంలో ఉన్న ఆ నాలుగు గ్రాములు స్టాల్ దగ్గర విమానాన్ని ఎప్పుడూ ఎడమకే పడేస్తాయి. ముక్కునూ తోకనూ రెండు వేళ్ళ మీద నిలబెట్టి ఏ రెక్క వాలుతోందో చూసి, కుడి కొస లోపల ఒక చిన్న మేకు గుచ్చాలి.